వస్తానన్న మాట

“అదిగో, లిఫ్టు కిందికి వెళ్తోంది. ఆయన కోసమే!” అంది ఆ ఇంటి కోడలు తలుపు వైపు వేలు చూపిస్తూ.

బిల్డింగులో లిఫ్టునీ లైట్లనీ నడిపే కంప్యూటర్ని చూడ్డానికొచ్చిన టెక్నీషియన్ చేతిలోని ట్యాబులోంచి తలెత్తాడు. హాల్లో లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. ఆమె భర్త బతికున్న రోజుల్లో, ఆయన చేతి వాచీ బిల్డింగు గేటు దాటగానే లిఫ్టు కిందికెళ్ళేది, ఇంట్లో లైటు ఇలా పలకరించేది. మనిషి పోయాడు. వాచీ ఆయనతోపాటే పోయింది. పలకరింపు మాత్రం రోజూ సాయంత్రం వస్తూనే ఉంది.

“నా భయం నాది, నా పాట్లు నేను పడతాను. చిక్కంతా అత్తయ్యతోనే. లైటు వెలగ్గానే కొడుకొస్తున్నాడని గుమ్మంలో కూర్చుంటుంది. వాడొచ్చాకే తింటానంటుంది. చూడండి, ఎలా పుల్లైపోయిందో!”

గుమ్మంలోని ముసలావిడ ఇటు తిరిగైనా చూడలేదు.

“దెయ్యమూ లేదు, భూతమూ లేదమ్మా,” నవ్వాడు టెక్నీషియన్. “గోడలకి చెవులుంటాయంటారే, ఈ బిల్డింగులో నిజంగానే ఉన్నాయి. మనవాళ్ళు బయల్దేరేటప్పుడు ‘వెళ్తున్నా’ అంటారా? ‘వస్తా’ అంటారు. ఆ మాట వాచీలో పడిందా, మనిషి తిరిగొచ్చేదాకా ఇల్లు ఎదురుచూస్తూనే ఉంటుంది. మొద్దు ముండాకొడుకు, మన మర్యాదలు దానికేం తెలుసు? మా బావమరిది వస్తానని వెళ్ళిన పాపానికి మా గీజరు వారమంతా కాగుతూనే ఉంది!”

“కానీ ఆయన...” అంటూ ఏదో చెప్పబోయింది కోడలు. అతనికి ఒకరి మాట వినే అలవాటుంటేగా!

“ఇదిగో, దొరికింది. ఆయన వాచీలోంచి వచ్చిన మాటే. ఒకసారి విని తుడిచేద్దాం. పెద్దావిడ హాయిగా అన్నం తింటుంది.”

గోడలోని స్పీకరు గరగరలాడింది.

“వస్తానమ్మా!” అంది మగ గొంతొకటి, తేటగా, దగ్గరగా.

ముసలావిడ దిగ్గున లేచింది. రెండు చేతులతో గోడని తడిమింది. “అమ్మా అన్నాడే! విన్నావటే? ఇన్నాళ్ళకి నా తండ్రి నన్ను అమ్మా అన్నాడే!” అని భోరుమంది.

టెక్నీషియన్‌కీ కళ్ళు చెమర్చాయి. తుడిచెయ్యబోయిన వేలు ఆపేశాడు.

“పోనీ, ఈ ఒక్క మాటా మీ ఫోన్‌లోకి ఎక్కించమంటారా? మీ ఆయన గొంతు, గుర్తుగా ఉంటుంది.”

కోడలు గోడకి దూరంగా జరిగింది.

“మా ఆయన పుట్టుమూగండీ.”