పల్చటి గులాబీ గుడ్డ

రామాంజి గులాబీ రంగు చొక్కాను గుమ్మంలో ఎండకెత్తి చూశాడు. గుడ్డలోంచి ఎదురుగా ఉన్న ఆటోలు కనిపించాయి. తిరిగొచ్చి దాన్ని కుట్టుమిషను మీద పడేశాడు.

“ఇది నా వల్ల గాదు భాయ్. రేపు నేను రావట్లేదని తిరుపతిరావుకి చెప్పెయ్.”

టైలరు మజీద్ కాలు ఆపాడు. మిషను ఆగింది. రేపు పొద్దున నరసరావుపేటలో రొమ్ము క్యాన్సర్ మీద ర్యాలీ. బస్టాండు ఆటోవాళ్ళంతా గులాబీ చొక్కాల్లో ముందు నడవాలని యూనియన్ ప్రెసిడెంటు తిరుపతిరావు పట్టుబట్టాడు. ఒకే తాను తెప్పించి, అందరి ఖాకీ చొక్కాలూ ఆదికి తెచ్చి పడేస్తే, మజీద్ వారంగా అవే కుడుతున్నాడు. అందరూ తీసుకుపోయారు. ఇతనొక్కడే మిగిలాడు.

“ఏందిరా, ఆడోళ్ళ రంగని నామోషీనా?”

“రంగుకేముంది. గుడ్డ మరీ పల్చగా ఉంది.”

“ఎండలో నడవాలి గదా, అందుకని తెప్పించాడు. అయినా మగోడివి, పల్చనైతే నీకేం కనపడి చస్తదిరా?”

బయట స్టాండులో ఎవరో గట్టిగా కేకేశారు. “ఒరేయ్ రామాంజీ, తొడుక్కొని రారా, ఫోటో దిగాల! సిగ్గయితే చెప్పు, గాజులు కూడా తెస్తాం!” నవ్వులు సందంతా దొర్లాయి. రామాంజి కూడా నవ్వబోయాడు గాని, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

వెళ్ళిపోతాడనుకున్న మనిషి వెళ్ళకుండా బల్లకు దగ్గరగా జరిగాడు.

“భాయ్, ఇంకో పనుంది. లోపల ఒక అర కుట్టాల. దూది పెట్టుకునేట్టు. ఎడం పక్క. పైకి ఎవరికీ తెలవకూడదు.”

మజీద్ చేతిలోని కత్తెర కింద పెట్టాడు. అలాంటి అరలు ఇంతకు ముందూ కుట్టాడు. జాకెట్టు లోపల, ఒకవైపు మాత్రమే. అవి అడగడానికి వచ్చిన మొగుళ్ళు కూడా ఇలాగే గోడకేసి చూస్తూ మాట్లాడేవాళ్ళు. ఈ చొక్కా అంటే రామాంజికి ఎందుకు గిట్టలేదో అతనికి చప్పున అర్థమైంది. ఎదుటివాడి బాధ అర్థమైందనుకున్న క్షణంలో కలిగే జాలి చాలా తియ్యగా ఉంటుంది. మజీద్ అందులో పూర్తిగా మునిగిపోయాడు.

“ఎప్పుడైందిరా ఆపరేషను?”

“ఎండాకాలంలో. గుంటూరులో.”

“పక్కనే ఉండి ఒక్క మాట చెప్పలా! కోటేశ్వరి చెల్లెమ్మ ఎట్టా ఉంది?”

“బాగానే ఉంది.”

“ఆది జాకెట్టు తెచ్చావా?”

“లేదు.”

“ఆది లేకుండా ఎట్టా కుట్టేదిరా? ఆడమనిషి ఒంటి మీద నేను టేపు పెట్టను. ఈ షాపు తెరిచిన కాడ్నించీ ఆదిని చూసి కుట్టడమే.”

“రేపు పొద్దుటికి కావాల భాయ్.”

“రేపు పొద్దుటికా? అంటే చెల్లెమ్మ కూడా ర్యాలీకి వస్తందా?”

“వస్తానంటంది.”

మజీద్ జాలి కోపంగా మారింది. ఆ కోపం కూడా అతనికి బాగానే ఉంది.

“ఆడకూతురు అంత గుండె దిటవుతో నడుస్తంటే, పక్కన ఈ చొక్కా ఏసుకొని నాలుగడుగులు ఎయ్యడానికి నీకు బరువైందా? థూ! నువ్వేం మొగుడివిరా?”

“నాకూ నడవాలనే ఉంది.”

“మరింకేంది నెప్పి?”

“స్టాండులో ఎవరికీ తెలవదు. తెలిస్తే నవ్వుతారు.”

“జబ్బుకి నవ్వేదెవడు? ఒక్కడి పేరు చెప్పు, వాడి చొక్కాకి చేతులు లేకుండా కుడతా!”

“నువ్వు కూడా నవ్వుతావేమో భాయ్.”

ఆ మాట నెమ్మదిగా అన్నాడు. మజీద్‌కి అది అవమానంలా తగిలింది. నోరు తెరిచేలోగా వెనక గదిలోంచి అతని భార్య రజియా వచ్చింది. అన్నీ విన్నట్టు ఆమె కళ్ళు చెబుతున్నాయి.

“ఊరికే అరవబాకండి. పిల్లోడు ముందే చితికిపోయి ఉన్నాడు.” బల్ల మీది టేపు తీసి మెడలో వేసుకుంది. “కోటేశ్వరికి నా దగ్గర సిగ్గేంది? ఇంటికి పోయి నేనే కొలతలు తీసుకొస్తా. పా రామాంజీ, ఆటో తియ్యి.”

“వద్దు వదినా.”

“ఎందుకొద్దు? ఆ అమ్మి ఏడిస్తే కూచ్చొని ఏడవనిస్తా. ఒక్క మాట బయటికి రాదు.”

“అది గాదు వదినా, నా మాట ఇను.”

రజియా వినలేదు. గోడ వంకీకున్న బురఖా తీసుకుంది. ఆమె గుమ్మం దాకా వెళ్ళేసరికి రామాంజి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. చెయ్యెత్తగానే ఎడం భుజం దగ్గర ఎక్కడో కలుక్కుమన్నట్టు పళ్ళు బిగబట్టాడు. స్టాండులో మళ్ళీ నవ్వులు వినపడ్డాయి. అతను వెనక్కి తిరిగి, గుమ్మానికున్న తెర చివరిదాకా లాగేశాడు. తర్వాత మజీద్ వైపు తిరిగి ఖాకీ చొక్కా పై గుండీ మీద చెయ్యి వేశాడు. గుండీ ఊడలేదు.

“ఆ టేపు భాయ్‌కిచ్చి, నువ్వు లోపలికి పో వదినా,” అన్నాడు. “కోటేశ్వరికేం కాలేదు. రొమ్ము తీసేసింది నాకు.”