నాలుగు మిల్లీమీటర్లు

స్విచ్చి వేయగానే ఫైనలియర్ ప్రాజెక్టు మెషిను గడగడలాడింది.

ఒకే ఫ్రేములో పక్కపక్కనే బిగుతుగా కూర్చోవలసిన నాలుగు పార్టులు. టీములోని నలుగురు కుర్రాళ్ళూ తలా ఒకటి చేసుకొచ్చారు. కొలిచి చూస్తే నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ తేలింది.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాను.

నలుగురూ కిక్కురుమనలేదు.

ఇరవై ఏళ్ళుగా ప్రాజెక్టులకు గైడుగా ఉన్నవాణ్ణి, ఇలాంటి టీముల సంగతి నాకు తెలియనిదా? తలా ఒక మందపాటి అట్టముక్క చేతిలో పెట్టాను. "తప్పెవరిదో రాసివ్వండి. ఎవరికీ చూపించనులే."

నాలుగు చాడీలూ తీరిగ్గా చదువుకుందామని కుర్చీ లాక్కున్నాను.

మొదటి ముక్కలో ఇలా ఉంది: "తప్పు నాదే సార్. మిగతావాళ్ళ పార్టులకి చోటు చాలదేమోనని నాది ఒక మిల్లీమీటరు ఎక్కువ అరగదీశాను. వాళ్ళ మార్కులు కొయ్యకండి."

రెండోదీ అదే. మూడోదీ, నాలుగోదీ అంతే.

"ఒకళ్ళనొకళ్ళు ఒక్క మాట అడిగి చావలేకపోయారా?" అని కసిరాను. కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది.

నాలుగు ముక్కలూ కలిపి ఆ ఖాళీలో దూర్చి స్విచ్చి వేశాను.

మెషిను కిక్కురుమనకుండా తిరిగింది.