ఉప్పెక్కువైంది

పొద్దున్నే పెంచలమ్మ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందమ్మా. నిద్రలోనే."

భానుప్రియ వంటగదిలోకి వెళ్లింది. నిన్న సాయంత్రం పెంచలమ్మ వండిపెట్టి వెళ్లిన చేపల పులుసు చట్టిలో అలాగే ఉంది. ఈ ఇంట్లో ఏ రోజు పులుసు ఆ రోజు తినరు. రాత్రంతా ఊరితేనే రుచి.

"పెంచలమ్మ చేతి రుచి నీకెప్పుడొస్తాది భానూ?" అని పదకొండేళ్లుగా భర్త నవ్వుతూ అడుగుతున్నాడు. ఆమె మాత్రం ఒక్కసారీ నవ్వలేదు. ఇరవై ఎకరాల మాగాణి ఉన్న తనకు లేనిది, రేకుల ఇంట్లో ఉండే వంటమనిషికి ఉంది.

అందుకే పులుసు దించిన ప్రతిసారీ పెంచలమ్మ ఓ చుక్క ఆమె అరచేతిలో వేసి "ఎట్టుందమ్మా?" అని అడిగితే, భానుప్రియది ఒకటే జవాబు. "ఉప్పెక్కువైంది."

నిన్న ఆ చుక్క నాలుకకు తగలకముందే ఆ మాట అనేసింది. పెంచలమ్మ ఆ అరచేతి వంక చూసింది. ఎన్నడూ లేనిది, నవ్వింది.

"రేపు అన్నంలో కలుపుకోని చెప్పండమ్మా" అని వెళ్లిపోయింది.

పొద్దుటినుంచీ వంటగది గడప దగ్గర అదే గొంతు వినబడుతోంది. ఎట్టుందమ్మా?

బాగుందని ఈసారి చెప్పేయాలనుకుంది భానుప్రియ. పైకే, అందరూ వినేలా.

మధ్యాహ్నం భర్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది.

"దీంట్లో ఉప్పే లేదు గదా భానూ. ఒక్క ఉప్పుకల్లు కూడా వెయ్యలేదు."