బయటికి వినపడని దరువు

...అయినా వాడు అడగలేదు కదా. అడక్కుండా కొనిస్తే అది ప్రేమే అవుతుంది, ఇంకేమవుతుంది? ఎవరైనా అడిగితే అదే చెప్పాలి. ఎవరడుగుతారు గనక.

జానకిరామయ్య గుంటూరు బ్రాడీపేటలో వాయిద్యాల కొట్టు దాటి నాలుగడుగులు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. పర్చూరులో ఆయనది పురుగుమందుల కొట్టు. స్టాకు కోసం గుంటూరు వెళ్తున్నానని ఇంట్లో చెప్పాడు. స్టాకు నిన్ననే లారీలో వచ్చేసింది.

"ఏమండీ!"

ఆడగొంతు. ఉలిక్కిపడి తిరిగాడు. ఎవరో ఆవిడ, స్కూటరు స్టార్టు చేస్తున్న మొగుణ్ణి పిలుస్తోంది. తనను కాదు. మెడ మీది చెమట తుడుచుకుని కొట్టులోకి నడిచాడు.

లోపల హార్మోనియాలు, తబలాలు, గోడకు వేలాడుతున్న గిటార్లు. కొట్టు యజమాని సుభానీ స్టూలు జరిపాడు.

"మా పిల్లాడికండీ. పదో తరగతి. బల్ల కనపడితే బల్ల, కంచం కనపడితే కంచం, దరువేస్తూనే ఉంటాడు."

"తబలా ఇప్పించండి మరి. వేళ్ళు కుదురుకుంటాయి."

"తబలా వద్దు. చప్పుడు."

"చప్పుడు చెయ్యని తబలా కావాలంటే బొమ్మ గీయించుకోవాలండీ!" సుభానీ పకపకా నవ్వాడు.

జానకిరామయ్య నవ్వలేదు. "మా ఆవిడకి బాగోలేదు. మంచం మీదే ఉంది. ఇంక ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమన్నారు ఆస్పత్రివాళ్ళు."

సుభానీ నవ్వు ఆగిపోయింది. లేచి, పై అరలోంచి ఒక అట్టపెట్టె దించాడు.

"జపాను సరుకు. రిథమ్ బాక్సంటారు. ఆర్కెస్ట్రావాళ్ళు ఎగబడుతున్నారు. ఈ మీటలు వేలితో కొడితే డ్రమ్ములు, తాళాలు, చప్పట్లు, ఏది కావాలంటే అది మోగుద్ది. మన దరువు మనం కట్టి వదిలేస్తే చాలు, ఆపేదాకా అదే వాయిస్తా ఉంటది."

"చెవులకు పెట్టుకునేది ఉందా?"

"హెడ్‌ఫోనా? ఉందండి. అది తగిలిస్తే బయటికి ఒక్క ముక్క వినపడదు. అమ్మగారి నిద్ర చెడదు."

జానకిరామయ్య దాన్ని తీసి చెవులకు పెట్టుకున్నాడు. సుభానీ దరువు పెట్టాడు.

"ఇప్పుడు నన్ను పిలవండి."

సుభానీ ఏమిటన్నట్టు చూశాడు.

"పిలవండి. గట్టిగా."

సుభానీ పెదాలు కదిలాయి. తర్వాత నోరు పెద్దగా తెరుచుకుంది. పక్క కొట్టు టైలరు తల బయట పెట్టి చూశాడు. జానకిరామయ్య హెడ్‌ఫోను తీశాడు.

"పిలిచారా?"

"గొంతు పోయేట్టు అరిచానండీ బాబూ, ఏమండీ ఏమండీ అని! మా టైలరు సూది వేల్లో గుచ్చుకున్నాడు."

"ఇదే ఇవ్వండి."

పెట్టెకు దారం చుడుతూ సుభానీ అన్నాడు: "పెళ్ళాం నిద్ర కోసం ఇంత ఇదిగా చూసుకునే మనిషిని చూళ్ళేదండి. పిల్లాడి సరదా కూడా తీరుద్ది."

జానకిరామయ్య ముఖం వేడెక్కింది. "అంత మంచివాణ్ణి కాదండీ" అన్నాడు. సుభానీ అది వినయమనుకున్నాడు.

బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. పోయిన వారం చెయ్యి ఎందుకు లేచిందో ఇప్పటికీ తెలియదు. కొడుకు శేషు, తల్లి మంచం పక్కన కూర్చుని సత్తు డబ్బా మీద వాయిస్తున్నాడు. అమ్మని పడుకోనివ్వవా అంటూ తను వాడి చెంప మీద కొట్టాడు. కనకలక్ష్మి కళ్ళు తెరిచి, "వాణ్ణెందుకు కొట్టారు? నేను వింటున్నానుగా" అంది. రైతులెవరో వస్తామన్నారని కొట్టుకు వెళ్ళిపోయాడు. ఈమధ్య ఆయనకు కొట్టులో పని ఎక్కువైంది.

తప్పు చేశాక మనిషి కొనే వస్తువులు కొన్ని. చేయబోయే ముందు కొనేవి కొన్ని. ఇది మొదటి రకమేనని చిలకలూరిపేట దాటేదాకా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. శేషు దారం తెంపి, పెట్టె విప్పి, నమ్మలేనట్టు తండ్రి ముఖంలోకి చూశాడు.

"నాకే?"

"నీకే."

"కొట్టినందుకా?"

"ఊరికేరా. తీసుకో."

శేషు హెడ్‌ఫోను లాగి పక్కన పడేశాడు. "ఇదెందుకు, అమ్మ వినొద్దూ?" అంటూ పెట్టె పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. మంచం మీంచి నీరసమైన నవ్వు వినిపించింది.

"బాగుందిరా. సరేగానీ, ఎండన పడి వచ్చారు, ముందు మీ నాన్నకి మంచినీళ్ళివ్వు."

జానకిరామయ్య గడప ఇవతలే నిలబడ్డాడు. లోపలికి పోవడానికి కాలు రాలేదు.

కాసేపటికి శేషు పుస్తకాల సంచీతో బయటికి వచ్చాడు. పెట్టెను, హెడ్‌ఫోనును తెచ్చి వసారాలో బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"స్పెషల్ క్లాసుంది నాన్నా. అమ్మకి దీపాలు పెట్టే వేళకి నొప్పి మొదలవుద్ది. రోజూ నేనుంటాగా, నీకు తెలీదు. ఏం చెయ్యక్కర్లా. పిలవగానే వెళ్ళి చెయ్యి పట్టుకో. పట్టుకుంటే ఓర్చుకుంటది."

"సరేరా."

"వెంటనే వెళ్ళు. ఆలస్యమైతే భయపడుద్ది."

"సరే అన్నాగా. నువ్వెళ్ళు."

కొడుకు సైకిలు సందు మలుపు తిరిగింది. వీధి దీపం వెలిగింది.

లోపల్నుంచి మొదటి పిలుపు వినపడగానే జానకిరామయ్య బల్ల మీద కూర్చుని, హెడ్‌ఫోను తన చెవులకు తగిలించుకుని, మీట నొక్కాడు.