లారీలో టకటక

బావమరిది లారీ ఇంజన్ని నాశనం చేశాడు. ఇందులో వాదనకి తావు లేదు.

భార్య పోతూ పోతూ పెద్దాయనకి రెండు మిగిల్చి పోయింది. ఒకటి పాత లారీ. రెండోది అందులో సగం వాటా ఉన్న ఆవిడ తమ్ముడు. లారీ నయం.

పోయిన నెల ఇంజన్ విప్పినప్పుడు వాల్వుల మీది రాకర్లు, పుష్ రాడ్లు, స్ప్రింగులు అన్నీ కొత్తవి తెచ్చాడు బావమరిది. పాతవి శుభ్రం చేసి వేస్తే చాలని ఆయన మొత్తుకున్నాడు. వింటేగా! బిగించిన రోజు నుంచీ లోపల ఒకటే టకటక.

"నాకేం వినబడట్లేదు బావా."

"వినడానికి బుర్ర ఉండాలిరా."

ఇంజన్ల పక్కన బతికి ఆయన చెవులు సగం పోయాయి. అందుకే గురువు నేర్పిన పద్ధతి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మూతకి ఆనించి, పిడిని పళ్ల మధ్య బిగబట్టాలి. శబ్దం నేరుగా తలకెక్కుతుంది. ఆ పద్ధతి ఆయన్ని ఏనాడూ మోసం చెయ్యలేదు.

"సరే, పందెం," అన్నాడు బావమరిది. "తప్పెవరిదైతే వాడు ఇక స్టీరింగ్ ముట్టకూడదు."

"ఇప్పుడే దణ్ణం పెట్టుకో దానికి."

కొత్త రాకర్లు పీకి పాతవి వేశారు. ఆయన పిడి కొరికి విన్నాడు. టకటక. పుష్ రాడ్లు మార్చారు. టకటక. స్ప్రింగులూ మార్చారు. తల అదిరిపోయేలా టకటక.

బావమరిది చేతులు తుడుచుకున్నాడు. "అన్నీ నువ్వన్నవే వేశాం. ఇంకా కొట్టుకుంటోందంటే, ఇక మిగిలింది నువ్వే బావా!"

కూతురు టీ తెచ్చి ఫక్కున నవ్వింది. "మామయ్యా, నాన్నని కూడా విప్పి చూస్తారా ఏంటి?"

ఆయన నవ్వలేదు. బిస్కెట్ టీలో నానేసుకుని తిన్నాడు. ముక్కేదో ఇరుక్కున్నట్టుంది. వాళ్లకి వీపు తిప్పి, మూతి తుడుచుకుని, మళ్లీ స్క్రూడ్రైవర్ నోట పెట్టాడు.

విన్నాడు. ఇంకోసారి విన్నాడు. మొహం మాడిపోయింది.

ఇంజన్ ఆపి, తాళంచెవి బావమరిది చేతిలో పడేశాడు.

"అదేంటి బావా? పోయిందా చప్పుడు? ఏం చేశావ్?"

"ఆ టకటక ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు, నేనూ చచ్చేదాకా ఎత్తను," అన్నాడాయన ఉత్త చిగుళ్లతో, పోయిన నెల కట్టించుకున్న పళ్ల సెట్టుని జేబు అడుక్కి తోసేస్తూ.