తొడిమలు లేని తమలపాకులు

పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఇప్పుడు సర్కారు ఊయల వచ్చింది. బిడ్డ ఎన్నిసార్లు దొడ్డికెళ్లాడో అదే లెక్కపెడుతుంది. పేగు ముక్క తీసి పరీక్షించాలో వద్దో కూడా అదే తేలుస్తుంది. ఇంటింటికీ వెళ్లి ఆ తీర్పు సరిచూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం.

ఎర్రయ్యమ్మ మనవడికి ఇరవై రోజులు. ఊయల తెరమీద "రోజుకొకసారి. పరీక్ష అక్కర్లేదు" అని ఉంది. బిడ్డ పొట్ట మాత్రం డప్పులా బిగిసి ఉంది.

"ఏటమ్మా అలా నొక్కుతావు? మీ ఊయలే బాగున్నాడంటంది కదా!" అంది ఎర్రయ్యమ్మ.

చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లాను. గట్టుమీద ఆముదం సీసా, పక్కన తమలపాకుల కట్ట ఉన్నాయి. ఏ ఆకుకీ తొడిమ లేదు. ఆ ఇంట్లో ఆకు వక్క వేసేవాళ్లూ లేరు.

"దొడ్డికి రావడానికి తొడిమకి ఆముదం రాసి బిడ్డకి వెనక పెడుతున్నావా మామ్మా?"

నా వెనకే వచ్చిన ఆమె, ఊయల దగ్గరున్న కోడలి వైపు చూసి గొంతు తగ్గించింది. "రోజూ పొద్దున్నే. పెట్టకపోతే అవ్వదమ్మా. మా పిల్లలందరికీ పెట్టినాను."

ఊయల తీర్పు కొట్టేసి, కారణం అడిగిన చోట "తమలపాకు తొడిమ" అని రాశాను.

ఆసుపత్రిలో పేగు నుంచి ఆవగింజంత ముక్క తీసి చూశారు. అందులో ఉండాల్సిన నరాల కణాలు ఒక్కటీ లేవు. పుట్టుకతోనే లేవట. ఆపరేషన్ చేయాలన్నారు.

"నేనే దాచేసినాను కదమ్మా," అంది ఎర్రయ్యమ్మ.

"దాచావు మామ్మా. అది పెట్టకపోతే వాడు ఇన్నాళ్లు ఉండేవాడూ కాదు."

ఆపరేషన్ దాకా రోజుకు రెండుసార్లు గొట్టంతో పేగు కడగాలి. ఎవరు నేర్చుకుంటారని నర్సు అడిగింది. "తొడిమకన్నా లావుగా ఉందే" అంటూ ఎర్రయ్యమ్మ చెంగు బొడ్లో దోపుకుంది.