చీటీలు చదివిన మేక

మా దొడ్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. మేకనే అనుకోండి, కానీ బడి గోడ పక్కన పెరిగాను. రెండో తరగతి వాచకం అట్టతో సహా నమిలాను.

చుక్క గేదె ఈనిన కొత్తలో, యజమాని దాని దాణాకని రెండు బస్తాల పత్తి గింజల చెక్క తెచ్చి వసారాలో పెట్టాడు. ఒకటి నాటు పత్తిది, ఇంకొకటి జన్యువులు మార్చిన పత్తిది. ఏది ఏదో బస్తాల మీద అంటించిన చీటీల్లోనే ఉంది.

"చెల్లీ, నేను తిన్నదే నా దూడకి పాలవుతుంది. ఆ మార్చిన గింజ నాకొద్దు. కాస్త చీటీలు చదివి పెట్టవూ?" అంది చుక్క.

నన్నంత గౌరవంగా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. గొంతు సవరించుకుని, గడ్డం ఆడిస్తూ వెళ్లాను. మొదటి చీటీని అంచు నుంచి మొదలుపెట్టి చివరిదాకా శ్రద్ధగా చదివాను. రెండోదీ అలాగే చదివాను. మేకలం ఏదైనా చదివామంటే ఇక అక్కడ ఏమీ మిగలదు.

"ఏది మంచిదే?" అంది చుక్క ఆత్రంగా.

బస్తాల వైపు చూశాను. రెండూ బోసిగా ఉన్నాయి.

"ఏది ఏదో చెప్పలేను గానీ అక్కా, రెండింటికీ మైదా జిగురే రాశారు," అన్నాను.

యజమాని తొట్టిలో చెక్క పోసినా చుక్క మూతి పెట్టలేదు. సాయంత్రం దూడ ఖాళీ పొదుగును కుమ్ముతూ అరుస్తూనే ఉంది.

నాకు మాత్రం కడుపు నిండి కునుకు ముంచుకొచ్చింది.